మా నెత్తుట్లో ఉప్పు

మమ్మల్ని గురించి తెలుగు నేల మీద అందరికీ అన్నీ తెలుసు. మేం ఏం తింటామో, ఎంతమందిని కంటామో, ఎవర్ని చేసుకుంటామో మేం నోరు తెరవక ముందే చెప్పేస్తారు. "మీ సాయిబుల్లో సొంత చిన్నాయన కూతుర్నే చేసుకుంటారంట గదా!" అని నెల్లూరు ట్రంకు రోడ్డు మీద టీ తాగుతూ మమ్మల్ని అడగని స్నేహితుడు లేడు. అడిగినాయన సొంత అక్క కూతుర్ని చేసుకునుంటాడు. ఆయనది ఆచారం. మాది అనాచారం. ఆయనది మేనరికం. మాది మతం.

నవ్వి ఊరుకునేవాళ్లం. కానీ ఈ ఎగతాళి ఆస్పత్రుల్లోకి కూడా వచ్చింది. మా పసిబిడ్డల మంచాల దగ్గరికి వచ్చింది. అందుకే ఇప్పుడు మాట్లాడాల్సి వస్తోంది. ఎగతాళి చేసేవాళ్లతోనూ, దానికి భయపడి నోరు కట్టుకున్న మావాళ్లతోనూ.

మేం చెప్పబోయే జబ్బుకు మా ఊళ్లల్లో పేరు లేదు. డాక్టర్లు కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా అంటారు. పొట్టిగా సీఏహెచ్. మూత్రపిండాల నెత్తిన టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులుంటాయి. అవి కొలెస్ట్రాల్‌ను ముడిసరుకుగా తీసుకుని మూడు రకాల హార్మోన్లు చేస్తాయి. ఒకటి కార్టిజాల్. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా ఒంటిని నిలబెట్టేది అదే. రెండోది ఆల్డోస్టిరాన్. ఒంట్లో ఉప్పును కాపలా కాసేది. మూడో రకం మగ హార్మోన్లు. ఇవి ఆడవాళ్లలోనూ కొద్దికొద్దిగా ఉంటాయి.

మొదటి రెండూ తయారు కావాలంటే 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము కావాలి. ఈ జబ్బున్న నూరుమందిలో సుమారు 95 మందికి లోపం ఆ ఎంజైములోనే. మా పెన్నా కాలవల కింద సేద్యం చేసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తూము మూసుకుపోతే కింది కయ్యలు ఎండిపోతాయి. నీళ్లు ఊరుకోవు, గట్టు తెంచుకుని పక్క కయ్యల మీద పడతాయి. ఇక్కడా అంతే. కార్టిజాల్ చాలక మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి అని ఏసీటీహెచ్ అనే హార్మోనుతో తరుముతుంది. అడ్రినల్ గ్రంథి ఉబ్బిపోతుంది. చేసిన సరుకంతా మగ హార్మోన్ల వైపు పొర్లుతుంది. తూము దగ్గర నిలిచిపోయిన సరుకు పేరు 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్. రక్తంలో దాన్ని కొలిస్తే జబ్బు బయటపడుతుంది. పుట్టిన మొదటి ఒకటి రెండు రోజులు అది అందరు బిడ్డల్లోనూ ఎక్కువగానే ఉంటుంది. తర్వాత మామూలు బిడ్డలో డెసీలీటరుకు వంద నానోగ్రాముల దరిదాపులకు దిగుతుంది. ఈ జబ్బు తీవ్రంగా ఉన్న బిడ్డలో సాధారణంగా పదివేలు దాటుతుంది.

ఇక ఉప్పు సంగతి. మాది ఉప్పు పండే తీరం. ఇస్కపల్లి ఉప్పు కొఠార్లు ఎరగనివాళ్లు జిల్లాలో లేరు. 1930లో మైపాడు ఒడ్డున ఉప్పు సత్యాగ్రహం జరిగింది. గాలిలో ఉప్పు, బావుల్లో ఉప్పు, చెమటలో ఉప్పు. అయినా ఈ జబ్బు తీవ్రంగా ఉన్న బిడ్డ ఒంట్లో ఉప్పు నిలవదు. ఆల్డోస్టిరాన్ లేదు కాబట్టి ఉప్పంతా మూత్రంలో పోతుంది. సోడియం 135కి తగ్గకూడనిది 120కీ ఇంకా కిందికీ జారిపోతుంది. పొటాషియం పైకెక్కి గుండె లయను తప్పిస్తుంది. పుట్టిన మొదటి మూడు వారాల్లోనే ఇది ముంచుకొస్తుంది. బిడ్డ పాలు పట్టదు. వాంతులు చేసుకుంటుంది. కళ్లు గుంటలు పడతాయి. మా నానీలు నజర్ అంటారు, ఆసేబ్ అంటారు. పక్కింటి అవ్వలు దిష్టి అంటారు, బాలగ్రహం అంటారు. తాయెత్తు కట్టేలోపు బిడ్డ ఉండదు.

ఆడపిల్లలైతే పుట్టగానే తేడా కనిపిస్తుంది. తల్లి కడుపులోనే మగ హార్మోను ఎక్కువై జననాంగం మగపిల్లల అంగాన్ని పోలి ఉంటుంది. లోపల గర్భసంచి, అండాశయాలు మాత్రం సలక్షణంగా ఉంటాయి. వైద్యం అందితే పెద్దయ్యాక బిడ్డల్ని కనగలిగినవాళ్లున్నారు. మగపిల్లల్లో పైకి ఏ తేడా ఉండదు. చూసి మురిసిపోతాం. రెండో వారంలో పోగొట్టుకుంటాం. ఎందుకు పోయాడో కూడా తెలియదు. ఈ జబ్బుతో పేరు లేకుండా పోయేవాళ్లలో మగపిల్లలే ఎక్కువ.

మా చుట్టాల్లో ఒక ఇల్లుంది. కోటకు ఆవల, సముద్రం దగ్గర. అన్నదమ్ముల పిల్లలు పెళ్లాడారు. మొదటి రెండు కాన్పుల్లో మగపిల్లలు. ఇద్దరూ ఇరవై రోజులు నిండకుండానే పోయారు. మూడో కాన్పులో బిడ్డ పుట్టింది. చెవిలో అజాన్ చెప్పారు. ఏడో రోజు అఖీఖా చేశారు. మాలో మగబిడ్డకు రెండు మేకలు, ఆడబిడ్డకు ఒకటి. మంత్రసాని మగబిడ్డ అంది కాబట్టి రెండు కోశారు, మగపేరు పెట్టారు. పదకొండో రోజు వాంతులు మొదలయ్యాయి. నెల్లూరు తీసుకుపోయారు. అక్కణ్ణించి చెన్నై. 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ 18,000 అని కాగితం వచ్చింది. క్రోమోజోముల పరీక్షలో ఆడపిల్ల అని తేలింది. సెలైన్ పెట్టి, హైడ్రోకార్టిజోన్ ఎక్కించి బతికించారు.

ఇంటికొచ్చాక తండ్రి అడిగిన మొదటి మాట, "రెండు మేకలు కోసేశాం గదా హజ్రత్, ఇప్పుడెట్లా?" అని. పేషిమాం సాబ్ పెద్దమనిషి. "అల్లా లెక్కల్లో ఎక్కువిచ్చినోడికి నష్టం లేదు బేటా, పేరు మార్చుకోండి, చాలు" అన్నాడు. వీధి మాత్రం అంత తేలిగ్గా పేరు మార్చుకోలేదు. మగపిల్లాడు ఆడపిల్ల అయ్యాడంట అని చూడ్డానికొచ్చినవాళ్లలో మావాళ్లూ ఉన్నారు, మీవాళ్లూ ఉన్నారు.

ఆ ఆస్పత్రి పేరు చెప్పం. అక్కడ ఒక డాక్టరు బిడ్డ జాతకం రాసుకుంటూ తండ్రి పేరు విని కలం ఆపి, "మీవాళ్లు ఇక మారరా?" అన్నాడు. అదే వార్డులో అదే జబ్బుతో ఇంకో బిడ్డ ఉంది. ఆ తల్లి తన భర్తకు సొంత అక్క కూతురు. ఆమెను ఆయన ఆ మాట అనలేదు. "మేనరికమా?" అని అడిగి రాసుకున్నాడు. మాకైతే ఉపన్యాసం, ఆమెకైతే ఒక గడి. మా బాధంతా ఆ తేడా గురించే.

లెక్కలు మాట్లాడదాం. అక్క కూతుర్ని చేసుకుంటే పుట్టే బిడ్డలో ఏ జన్యువు తీసుకున్నా దాని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడివి అయ్యే అవకాశం 8లో 1. చిన్నాయన కూతురైనా, మేనత్త కూతురైనా 16లో 1. అంటే మేనమామ పెళ్లి మా పెళ్లికంటే రెండింతలు దగ్గర. ఖురాన్‌లో అన్-నిసా సూరా 23వ ఆయత్ పెళ్లాడకూడని వాళ్ల జాబితా ఇస్తుంది. అందులో అక్కచెల్లెళ్ల కూతుళ్లు, అన్నదమ్ముల కూతుళ్లు ఉన్నారు. మాకు మేనకోడలు హరామ్. 1955 హిందూ వివాహ చట్టం కూడా దగ్గరి వరసల్ని నిషేధించింది. ఆచారం ఉంటే చెల్లుతుందని ఒక తలుపు తెరిచిపెట్టింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 26 పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్యే. తమిళనాడులో 28. దేశం మొత్తమ్మీద 11. ఆంధ్రాలో మా జనాభా పదో వంతు కూడా లేదు. మా ఇళ్లల్లో ప్రతి పెళ్లీ చిన్నాయన కూతురితోనే జరిగిందనుకున్నా ఆ 26 నిండదు. మిగతావి ఎవరివి?

మేం మావాళ్లను వెనకేసుకు రావడానికి ఇదంతా చెప్పడం లేదు. దగ్గరి పెళ్లి ఏం చేస్తుందో, ఏం చెయ్యదో తెలుసుకోవాలి. దగ్గరి పెళ్లి లోపాన్ని పుట్టించదు. ఉన్న లోపాన్ని రెండు వైపుల నుంచీ తెచ్చి ఒకచోట కలుపుతుంది.

ఈ ఎంజైమును చేసే జన్యువు సి.వై.పి.21ఏ2. ఆరో క్రోమోజోము పొట్టి భుజం మీద ఉంటుంది. దాని పక్కనే అచ్చం దానిలాగే ఉండి పని చేయని కవల ఒకటి ఉంది. కణాలు విభజన చెందేటప్పుడు పక్కపక్కనున్న ఈ రెండూ తారుమారవుతుంటాయి. పనిచేసే దానిలోకి పనిచేయని దాని అక్షరాలు చొరబడతాయి. ఒక్కోసారి జన్యువు ముక్కకు ముక్కే ఎగిరిపోతుంది. ఈ జబ్బు తెచ్చే మార్పుల్లో చాలావరకు ఇలా వచ్చినవే. జన్యువు మొత్తం పోతే, లేదా రెండో ఇంట్రాన్ దగ్గర ఒక్క అక్షరం మారితే ఎంజైము దాదాపు ఉండదు. సాధారణంగా ఉప్పు నిలవని జబ్బు వస్తుంది. ఐ172ఎన్ అనే మార్పులో నూటికి ఒకటి రెండు పాళ్లు పని మిగులుతుంది. ఆ కాస్తే ఉప్పును చాలావరకు కాపాడుతుంది. వి281ఎల్ అనే దానిలో ఇంకా ఎక్కువ మిగులుతుంది. వాళ్లకు పెద్దయ్యాక మొటిమలు, అవాంఛిత రోమాలు, నెలసరి తేడాలు మాత్రమే రావచ్చు, అసలేమీ రాకపోవచ్చు. ఆరో క్రోమోజోముకు కల్మా తెలియదు, గాయత్రీ తెలియదు.

తల్లి ఇచ్చింది ఒకటి, తండ్రి ఇచ్చింది ఒకటి, రెండూ చెడితేనే జబ్బు. ఒకటి చెడ్డవాళ్లకు సాధారణంగా ఏమీ కాదు. వాళ్లు వాహకులు. ఇద్దరు వాహకులు పెళ్లాడితే ప్రతి కాన్పులో నాలుగో వంతు అవకాశం జబ్బుకు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనే లెక్క లేదు. ఒక మనిషి వాహకుడని తెలిస్తే అతని అక్క కూతురిలో అదే లోపం ఉండే అవకాశం 4లో 1. అతని చిన్నాయన కూతురిలో 8లో 1. ఊరూ పేరూ తెలియని బయటి పిల్లలో మన దేశపు లెక్కల ప్రకారం సుమారు 40లో 1. తగ్గింది, సున్నా మాత్రం కాలేదు. బయట చేసుకున్నవాళ్లకూ ఈ బిడ్డలు పుడుతున్నారు.

దగ్గరితనం అంటే చిన్నాయన కూతురు ఒక్కటే కాదు. వెయ్యేళ్లు ఒకే కులంలో చేసుకోవడం కూడా దగ్గరితనమే. 2017లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల జన్యువులు పరిశీలించారు. వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగి బయటివాళ్లతో కలవక ఉండిపోయాయని తేల్చారు. మన వైశ్యులు సొంత గోత్రంలో చేసుకోరు. అయినా మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక కండరాల మందు పడని లోపం వాళ్లలో మిగతావాళ్ల కంటే ఎంతో ఎక్కువ. దానికి వాళ్లనెవరూ ఎగతాళి చెయ్యరు. చెయ్యకూడదు. మాలోనూ షేకు, సయ్యదు, పఠాను, దూదేకుల అని గోడలున్నాయి. ఇస్లాంలో కులం లేదని శుక్రవారం చెప్పి, శనివారం సంబంధం చూసేటప్పుడు బిరాదరీ అడిగే పెద్దలు ఈ లెక్క కూడా వినాలి.

1865లో ఈ జబ్బును మొదట వివరంగా రాసినవాడు ఇటలీలో నేపుల్స్ డాక్టరు లుయీజీ డె క్రెక్కియో. మగవాడిగా బతికి చనిపోయిన ఒక మనిషి శవాన్ని కోస్తే లోపల గర్భసంచి, ఉబ్బిన అడ్రినల్ గ్రంథులు కనిపించాయి. లోకంలో ఈ జబ్బు అతి ఎక్కువగా బయటపడిన చోట్లలో ఒకటి అలాస్కా మంచు తీరంలో యూపిక్ ప్రజలు. సుమారు 280 మంది శిశువులకు ఒకరు. అక్కడ సాయిబులు లేరు.

మన దగ్గర లెక్క తీస్తే ఏం తేలింది? హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో 18,300 మంది పసిపిల్లల్ని పరీక్షించి 2004లో ప్రచురించిన ఫలితాల్లో 2,575కి ఒకరికి ఈ జబ్బు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి ఐదు నగరాల్లో లక్షకు పైగా శిశువుల్ని పరీక్షించి 2018లో ప్రకటించింది. సగటున 5,762కి ఒకరు. ముంబయిలో 9,983కి ఒకరు. మాకు దగ్గరి చెన్నైలో 2,036కి ఒకరు. ప్రపంచ సగటు సుమారు 15,000కి ఒకరు. చెన్నై అంకె మా నెల్లూరుకు దూరపు అంకె కాదు. మా రైళ్లు, మా సంబంధాలు అటే పోతాయి.

మందు లేదా? ఉంది. 1950లో అమెరికాలో లాసన్ విల్కిన్స్ కార్టిజోన్ ఇచ్చి దారి చూపాడు. ఇప్పుడు పిల్లలకు హైడ్రోకార్టిజోన్ బిళ్లలు రోజుకు మూడుసార్లు. ఉప్పు నిలవడానికి ఫ్లూడ్రోకార్టిజోన్. పసివాళ్లకు డాక్టరు కొలిచి చెప్పిన ఉప్పు. జ్వరం వస్తే మందు రెండు మూడు రెట్లు. వాంతులై బిళ్ల నిలవకపోతే ఇంజెక్షన్, వెంటనే ఆస్పత్రి. మందు జీవితాంతం ఆపకూడదు. 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్‌ను పూర్తిగా మామూలు అంకెకు దించాలని మందు పెంచితే బిడ్డ ఎదగదు, ఒళ్లు ఊరుతుంది. మందు చాలకపోతే మగ హార్మోను పెరిగి ఎముకలు ముందే ముదిరి పొట్టిగా మిగిలిపోతుంది. అందుకే ఎత్తు, బరువు, రక్తపోటు, ఎముకల వయసు, హార్మోన్లు అన్నీ కలిపి చూస్తారు.

రంజాన్ వస్తే మా ఇళ్లల్లో ఇంకో యుద్ధం. కోట అవతల ఆ పిల్లకు పదమూడేళ్లు వచ్చాయి. తోటి పిల్లలంతా రోజా ఉంటే తనూ ఉంటానంది. రోజుకు మూడుసార్లు బిళ్ల మింగాల్సిన పిల్ల, ఉప్పు జారిపోయే పిల్ల, ఏప్రిల్ ఎండలో నీళ్లు లేకుండా ఎలా ఉంటుంది? అల్-బఖరా సూరా 185వ ఆయత్ రోగికి మినహాయింపు ఇచ్చింది. అది దయ కాదు, హక్కు. రోజా మానితే చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుంటారో అని దాదీ ఏడ్చింది. పిల్లను బతికించుకోవడమే ఇబాదత్ అని తల్లి తేల్చేసింది. ఆ తల్లి అయిదో క్లాసు చదువుకుంది.

మగా ఆడా తేలని బిడ్డ అంటే మా వీధుల్లో ఒకటే తిట్టు, కొజ్జా. ఆ తిట్టుకు భయపడే చాలా ఇళ్లు డాక్టరు దగ్గరికే పోవు. కానీ మా ఫిఖాలో ఈ మనుషులకు పేరుంది, ఖున్సా అని. 12వ శతాబ్దంలో మర్గీనానీ రాసిన 'హిదాయా' హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం. దాని చివరి అధ్యాయం వాళ్ల గురించే. వాళ్ల నమాజు వరసెక్కడ, ఆస్తిలో వాటా ఎంత అని పెద్దలు ఎనిమిది వందల ఏళ్ల కిందటే కూర్చుని తర్కించారు. తీర్పులన్నీ మాకు నచ్చాలని లేదు. వాళ్లు మాత్రం మొహం తిప్పుకోలేదు. పసివాళ్ల అంగాలకు తొందరపడి కోతలు పెట్టొద్దని 2019లో మద్రాసు హైకోర్టు చెప్పింది, తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ప్రాణానికి ఉప్పు, మందు ఆ రోజే కావాలి. కత్తి ఆగగలదు.

మొహర్రంలో నెల్లూరు చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, చదువు రొట్టె. ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు అని నీళ్లలో నిలబడి ఎవరూ అడగరు. ఆ పండగ రోజుల్లో మా పేరు ఎవరికీ అడ్డం రాదు. మిగతా రోజుల్లో మమ్మల్ని నమక్ హరామ్‌లంటారు. ఈ దేశపు ఉప్పు తిని పక్క దేశానికి జై కొడతామంటారు. ఈ ఉప్పు మా ఒంట్లో ఉంది. లేకపోతే బతకమని ఆ పిల్లను చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

కాబట్టి మా మాట ఇదీ. మావాళ్లకు: ఇంట్లో వారాల బిడ్డలు వరసగా పోతే దాన్ని తఖ్దీర్ అని ముడేయకండి, రక్తపరీక్ష చేయించండి. జబ్బు బిడ్డ పుట్టిన ఇంట్లో మళ్లీ అదే ఇంటి పిల్లను తెచ్చుకునే ముందు ఇద్దరికీ జన్యు పరీక్ష అడగండి. అడిగితే పరువు పోదు. డాక్టర్లకు: అదే ప్రశ్న అందర్నీ అదే గొంతుతో అడగండి. సర్కారుకు: పుట్టిన మూడో రోజుకల్లా మడమ మీద సూదితో గుచ్చి వడపోత కాగితం మీద ఒక చుక్క రక్తం తీస్తే ఈ జబ్బు తెలిసే పద్ధతి 1977 నుంచి లోకంలో ఉంది. తడ నుంచి కావలి దాకా పుట్టే ప్రతి బిడ్డకూ ఆ చుక్క తీయండి. జవాబు రెండో వారం లోపల తల్లి చేతికి రావాలి.

బిడ్డ పేరు ఆ తర్వాత అడగండి.